చూడని పనికి సంతకం పెట్టాను, ఇప్పుడేం చేయాలి?

ఈ వారం ఉత్తరం అమెరికాలోని నెబ్రాస్కా నుంచి వచ్చింది. రాసిన అమ్మాయికి 27 ఏళ్ళు. పల్నాడు వైపు ఊరు. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివి, అమెరికాలో ఎమ్మెస్ చేసి, రెండున్నరేళ్ళుగా ఒక బీఫ్ ప్లాంటులో క్వాలిటీ అష్యూరెన్స్ (క్యూఏ) విభాగంలో రాత్రి షిఫ్టు చేస్తోంది. గత అక్టోబరు నుంచి హెచ్1బి మీద ఉంది. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆ ప్లాంటులో పశువుల్ని కోయరు. వేరే చోట్ల కోతలో మిగిలిన ముక్కలు పెద్ద పెద్ద అట్టపెట్టెల్లో వస్తాయి. వాటిని ట్రిమ్ అంటారు. ఆ ట్రిమ్‌ను గ్రైండ్ చేసి, హ్యాంబర్గర్ ప్యాటీలుగా ఒత్తి, ఫ్రీజ్ చేసి పంపుతారు. ఒక లాటుకూ, అంటే ఒక విడత సరుకుకూ, ఇంకో లాటుకూ మధ్య గ్రైండర్ విప్పి, కడిగి, శానిటైజర్ కొట్టాలి. క్యూఏ వాళ్ళు కళ్ళారా చూసి సరేనన్నాకే లైను మళ్ళీ మొదలుకావాలి. ఇది ఆ ప్లాంటు తనకు తాను రాసుకున్న పద్ధతి.

మూడు వారాల కిందట ఒక రాత్రి, కడిగే కాంట్రాక్టు మనుషులు ఆలస్యంగా వచ్చారు, అదీ సగం మందే. ఈ అమ్మాయి వేరే లైను దగ్గర ఇరుక్కుపోయి, ఒంటిగంటా ఇరవైకి అక్కడికి చేరేసరికి వాళ్ళు పైపులు చుట్టేస్తున్నారు. గ్రైండర్ ముందు భాగం విప్పనేలేదు. జల్లెడ పళ్ళెం చిల్లుల్లో కొవ్వు, మాంసం అలాగే కనిపిస్తున్నాయి. ఈమె నోరు తెరిచేలోపు లైను మొదలైంది. సూపర్‌వైజర్‌ను అడిగితే "నీళ్ళు బాగానే కొట్టార్లే, ఇప్పటికే లేటు" అన్నాడు. తెల్లవారుజామున మూడింటికి ఫారం ముందుకొచ్చింది. "12:50 నుంచి 1:20 వరకు పూర్తి క్లీన్-అప్, తనిఖీ చేయబడింది" అని అప్పటికే నింపి ఉంది. ఈమె పొడి అక్షరాలు పెట్టేసింది.

మర్నాడు రిజల్ట్ వచ్చింది. కడగడానికి ముందు నడిచిన లాటులో ఇ.కోలై ఓ157:హెచ్7 అనే సూక్ష్మజీవి ఉందన్న అనుమానం, అక్కడి మాటలో ప్రిజంప్టివ్ పాజిటివ్. ఆ లాటు బయటికి పోకుండా హోల్డ్‌లోనే ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా వండే ప్లాంటుకు పంపేశారు. దాని తర్వాత అదే గ్రైండర్ మీద నడిచిన లాటుకు తీసిన శాంపిల్ నెగటివ్ వచ్చింది. మధ్యలో కడిగినట్టు కాగితం ఉంది. దాన్ని రిలీజ్ చేశారు. లారీలు వెళ్ళిపోయాయి.

"మేడమ్, అప్పటినుంచి నిద్ర లేదు. రోజూ వార్తల్లో మా రాష్ట్రం పేరు వెతుకుతున్నాను. ఎవరికీ ఏమీ అయినట్టు లేదు. సూపర్‌వైజర్ చెడ్డవాడు కాదు. నాకు ఇక్కడ కారు నడపడం నేర్పింది ఆయన భార్యే. చెబితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఇంకా పదకొండు లక్షల లోను ఉంది. రూమ్మేట్ అంటుంది, పేరు చెప్పకుండా టీవీ వాళ్ళకు పంపెయ్యమని. ఇంకో సంగతి, మా ఇంట్లో నేను ఫుడ్ కంపెనీలో చేస్తున్నానని మాత్రమే తెలుసు. అది బీఫ్ అని తెలీదు. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ‘మీ కంపెనీలో ఏం చేస్తార్రా’ అంటే ‘ఫ్రోజెన్ స్నాక్స్’ అన్నాను. నేను నేరం చేశానా? ఎవరికి చెప్పాలి? ఈ ఉద్యోగం మానేసి ఇంకోటి వెతుక్కుంటే చాలదా? నన్ను ‘నువ్వు’ అనే రాయండి, మా పెద్దమ్మ వయసు మీది."

అలాగే తల్లీ, నువ్వనే రాస్తాను.

ముందు నా సంగతి ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక పాల డెయిరీ ల్యాబ్‌లో ఉండేదాన్ని. చిల్లింగ్ ట్యాంకు టెంపరేచర్ గంట గంటకూ రిజిస్టర్లో ఎక్కించాలి. సాయంత్రం కూర్చుని, పొద్దున్నుంచి ఉన్న గళ్ళన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలు చేతిరాతతో నింపిన రిజిస్టర్లు ఎన్నో చూశాను. ఒకటి నేనే నింపాను. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే మర్నాడు కూడా నింపాను. నీ ఉత్తరం చదువుతుంటే ఆ రిజిస్టర్ అట్ట రంగు గుర్తొచ్చింది. కాబట్టి నీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. లెక్క మాత్రం విప్పి చూపిస్తాను.

నువ్వు రెండు సంగతుల్ని కలిపి ఒకే ముద్దగా చేసి మింగలేక అవస్థ పడుతున్నావు. మూడింటికి సంతకం పెట్టినప్పుడు నీకు రిజల్ట్ తెలీదు. అలసట, మొహమాటం, రోజూ జరిగేదేలే అన్న అలవాటు, ఇవన్నీ కలిసి పెట్టించిన సంతకం అది. తప్పే, కానీ ఆ వృత్తిలో చాలామంది చేసిన తప్పు. మర్నాడు రిజల్ట్ చూశాక, తర్వాతి లాటు వెళ్ళిపోతోందని తెలిసీ మాట్లాడకపోవడం మాత్రం వేరు. అది నువ్వు తీసుకున్న నిర్ణయం, మూడు వారాలుగా రోజూ మళ్ళీ తీసుకుంటున్నావు. మొదటిదాన్ని ఇప్పుడు మార్చలేవు. రెండోది ఈ రోజుక్కూడా నీ చేతిలోనే ఉంది.

"ఆ లాటు నెగటివ్ వచ్చింది కదా" అని మూడు చోట్ల రాశావు. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుసు. అయినా ఇక్కడ చదివేవాళ్ళ కోసం చెబుతాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. బియ్యంలో రాళ్ళున్నాయో లేదో చూడ్డానికి ఒక గుప్పెడు చూస్తే చాలదు. ఈ సూక్ష్మజీవి రాళ్ళ బాపతు. మాంసమంతా సమంగా పరుచుకుని ఉండదు, అక్కడక్కడా చిన్న చిన్న తావుల్లో ఉంటుంది. అందుకే ఒకసారి పాజిటివ్ వచ్చాక మళ్ళీ శాంపిల్ తీసి నెగటివ్ తెచ్చుకున్నా, మొదటిది కొట్టుకుపోదు. ఆ పాజిటివ్ లాటును నిర్ధారణ పరీక్షకు పంపకుండా నేరుగా వండే ప్లాంటుకు పంపడం మీ వాళ్ళు సరిగ్గానే చేశారు, నిబంధనలు ఒప్పుకునే దారే అది. కాకపోతే, నిర్ధారించలేదు కాబట్టి దాన్ని పాజిటివ్‌గానే లెక్కపెట్టాలి.

ఇక గ్రైండర్. మన ఇళ్ళల్లో దోసెల పిండి రుబ్బేవాళ్ళెవరైనా చెబుతారు, రోట్లో నిన్నటి పిండి ఒక గరిటె మిగిలితే ఇవాళ్టి పిండంతా పులుపెక్కుతుందని. ఆ రాత్రి నువ్వు చూసిన జల్లెడ చిల్లుల్లో ఉన్నది ఆ గరిటెడు పిండే. క్లీన్-అప్ నుంచి క్లీన్-అప్ దాకా నడిచిందంతా ఒకే లాటు కింద లెక్క అనే పద్ధతి అందుకే పుట్టింది. మధ్యలో కడగనప్పుడు అవి రెండు లాట్లు కావు, ఒకటే. నీ పొడి అక్షరాలు ఒక పాజిటివ్ లాటును రెండుగా కోసి, సగాన్ని గేటు దాటించాయి. మాట కఠినంగా ఉందని తెలుసు. కానీ నిన్ను నిద్ర పోనివ్వనిది ఇదేనని నీక్కూడా తెలుసు.

మీ రాష్ట్రంలోనే దీనికి పెద్ద పాఠం ఉంది. 1997లో కొలంబస్ ఊళ్ళోని హడ్సన్ ఫుడ్స్ ప్లాంటు నుంచి వచ్చిన ప్యాటీల్లో ఇదే ఓ157 దొరికింది. మొదట వెనక్కి పిలిచింది సుమారు 20,000 పౌండ్లు. ఒకరోజు మిగిలిన మాంసాన్ని మర్నాటి దాంట్లో కలిపే అలవాటు ఉందని బయటపడ్డాక, ఏ రోజు ఎక్కడ ఆగిందో గీత గీయడం ఎవరి వల్లా కాలేదు. చివరికి రీకాల్ రెండున్నర కోట్ల పౌండ్లకు చేరింది. పదేళ్ళ తర్వాత, 2007లో, న్యూజెర్సీలో టాప్స్ అనే కంపెనీ ఫ్రోజెన్ ప్యాటీలు 2 కోట్ల 17 లక్షల పౌండ్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. అరవై ఏళ్ళకు పైగా నడిచిన కంపెనీ కొద్ది రోజుల్లోనే మూతపడింది. లాటుకూ లాటుకూ మధ్య గీత స్పష్టంగా ఉంటే నష్టం ఒక రాత్రితో ఆగుతుంది. ఈ మాట మీ మేనేజర్‌కు కూడా అర్థమవుతుంది. బహుశా నీకంటే ఎక్కువగా అర్థమవుతుంది.

అసలు ఇంత రాద్ధాంతం దేనికని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. 1993లో అమెరికా పడమటి రాష్ట్రాల్లో జాక్ ఇన్ ద బాక్స్ హోటళ్ళలో సరిగ్గా ఉడకని హ్యాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బు పడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. ఓ157 విషం చిన్నపిల్లల కిడ్నీలను దెబ్బతీస్తుంది. చాలా తక్కువ సంఖ్యలో ఒంట్లోకి పోయినా చాలు. పెద్ద మాంసం ముక్క అయితే సూక్ష్మజీవి పైపైన ఉంటుంది, పెనం మీద వేడికి చస్తుంది. గ్రైండ్ చేసినప్పుడు పైన ఉన్నది లోపలికి పోతుంది. మధ్య భాగం 71 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే తప్ప భరోసా లేదు. ఆ మరుసటి ఏడాది, 1994లో, గ్రైండ్ చేసిన పచ్చి బీఫ్‌లో ఓ157 ఉంటే అది కల్తీ సరుకేనని అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించింది. 1996లో హ్యాసప్ నిబంధన తెచ్చింది, అంటే ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి, అక్కడ అదుపు పెట్టి, రికార్డు రాసే పద్ధతి. నీ ఫారాలూ నీ ఉద్యోగమూ ఆ నలుగురు పిల్లల తర్వాత వచ్చినవే.

నీది ఫ్రోజెన్ సరుకు. ఫ్రీజ్ చేయనిదైతే ఈపాటికి తినడమో పారేయడమో అయిపోయేది. ఫ్రోజెన్ ప్యాటీ నెలల తరబడి ఎవరింటి డీప్ ఫ్రీజర్లోనో, ఏ హోటల్ స్టోర్ రూములోనో ఉంటుంది. "మూడు వారాలైంది, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నది నీకు ఊరట కాదు. ఇంకా అందరూ తిననే లేదేమో. అలాగని ఆ లాటులో తప్పకుండా జబ్బు ఉందని నేను అనడం లేదు. ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం ఉండొచ్చు. ఆ అవకాశాన్ని లెక్కగట్టాల్సిన వాళ్ళకు మాత్రం అసలు సంగతి తెలీదు. నీకు తెలుసు.

నేరమా అని అడిగావు. నేను లాయర్ని కాను. నాకు తెలిసినంత వరకు చెబుతాను. హ్యాసప్ నిబంధనల ప్రకారం ప్రతి రికార్డూ పని జరిగిన సమయంలోనే రాయాలి, తేదీ, టైము, రాసినవాళ్ళ సంతకం ఉండాలి. ప్రభుత్వ తనిఖీ కోసం ఉంచే రికార్డులో తెలిసి అబద్ధం రాయడం అక్కడ ఫెడరల్ చట్టం కింద శిక్షార్హం. ఒక్క సంతకానికి నిన్ను జైల్లో పెడతారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ వేరుశెనగ కంపెనీ కేసు ఒకటి చెప్పక తప్పదు. జార్జియాలోని పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా సరుకులో సాల్మొనెల్లా వల్ల 2008, 2009 ప్రాంతంలో 700 మందికి పైగా జబ్బు పడ్డారు, తొమ్మిది మంది చనిపోయారు. 2015లో యజమానికి 28 ఏళ్ళు శిక్ష పడింది. ఆ ప్లాంటు క్వాలిటీ అష్యూరెన్స్ మేనేజర్‌కు 5 ఏళ్ళు పడింది, దర్యాప్తును అడ్డుకున్నందుకు. అక్కడ ఏళ్ళ తరబడి నడిచిన మోసం, నీది ఒక రాత్రి కాగితం. పోలిక అంతవరకే. అయితే క్యూఏ మనిషిని ముంచింది దర్యాప్తు వచ్చాక చెప్పిన మాటలు అన్నది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతావన్నది ఇవాళ్టి నీ ఇబ్బంది కంటే చాలా పెద్ద ఇబ్బంది.

ఇక దారులు. నువ్వు మనసులో ఎక్కువగా కోరుకుంటున్నది ఉత్తరం చివర్లో చిన్నగా అడిగావు: ఉద్యోగం మారిపోతే చాలదా అని. మారొచ్చు. నీ హెచ్1బి ఇప్పటికే లాటరీ దాటింది కాబట్టి, మామూలుగా, ఇంకో కంపెనీ నీ తరఫున దరఖాస్తు వేస్తే మళ్ళీ లాటరీ అక్కర్లేదు. ఉద్యోగం పోయినా గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. "ఉద్యోగం పోతే వీసా పోతుంది" అని నువ్వు అనుకుంటున్నంత నిట్టనిలువుగా ఏమీ కూలిపోదు. ఆ 60 రోజులూ నరకంలా గడుస్తాయి, అది నిజం. నీలాంటి చదువుకు పాలు, మసాలాలు, బేకరీ, పెంపుడు జంతువుల ఆహారం, ఎక్కడైనా పని దొరుకుతుంది. వెతకడం ఇవాళే మొదలుపెట్టు, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ ఉద్యోగం మారినంత మాత్రాన ఫారం మీది అక్షరాలు మారవు, ఫ్రీజర్లోని ప్యాటీ కూడా మారదు. నువ్వు వెళ్ళిపోయాక ఏదైనా బయటపడితే, వెళ్ళిపోయిన మనిషి మీదకు నెట్టడం అందరికీ సులువు.

రెండో దారి, కంపెనీ లోపలే చెప్పడం. సూపర్‌వైజర్‌కు కాదు, అతనికి తెలుసు. అతని పైన ఉన్న క్యూఏ మేనేజర్‌కో, హ్యాసప్ బాధ్యత చూసేవాళ్ళకో రాతపూర్వకంగా చెప్పాలి. "ఫలానా తేదీ ఫలానా లైను మీద క్లీన్-అప్ పూర్తి కాలేదని నేను చూశాను. అయినా పూర్తయిందన్న ఫారం మీద సంతకం పెట్టాను. దాని ముందు లాటు ప్రిజంప్టివ్ పాజిటివ్ వచ్చింది. తర్వాతి లాటు రిలీజ్ అయింది. దీన్ని మళ్ళీ చూడాలని కోరుతున్నాను." ఇంతే. విశేషణాలు వద్దు, ఎవరి మీదా ఆరోపణ వద్దు, చూసింది మాత్రమే. ఈ ఐదు వాక్యాలకు ఒక బలం ఉంది. కల్తీ సరుకు మార్కెట్లోకి పోయిందని నమ్మడానికి కారణం దొరికిన 24 గంటల్లోపు ప్లాంటు ఆ సంగతి ఎఫ్.ఎస్.ఐ.ఎస్. జిల్లా ఆఫీసుకు, అంటే వ్యవసాయ శాఖ కింది మాంసం తనిఖీ విభాగానికి, తెలియజేయాలని నిబంధన. నీ ఉత్తరం అందాక "మాకు తెలీదు" అనే వీలు వాళ్ళకు ఉండదు. మంచి కంపెనీ అయితే నిన్ను తిట్టుకుంటూనే పని చేస్తుంది. ఒక రాత్రి సరుకును వెనక్కి పిలవడం దానికి భారమే, కానీ భరించగలిగే భారం. చెడ్డ కంపెనీ అయితే నిన్ను కూర్చోబెట్టి, నువ్వు పొరపాటుగా చూశావని నీతోనే రాయించాలని చూస్తుంది. అలాంటి కాగితం మీద సంతకం పెట్టకు. రెండోసారి చేస్తే ఇక దాన్ని అలసట అనలేం.

ఒకవేళ ఫారం సరిదిద్దమంటే, పాతది చింపడం, వైట్‌నర్ పూయడం, కొత్త ఫారం రాయడం, ఏదీ వద్దు. పాత రాత కనపడేలా ఒకే గీత కొట్టి, పక్కన ఇవాళ్టి తేదీ, టైము, కారణం, నీ సంతకం. బాపట్లలో మొదటి ఏడాది ల్యాబ్ రికార్డు రాసినప్పుడు నేర్పింది అదేగా.

మూడోది, ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పడం. మీలాంటి ప్లాంటులో ఆయన షిఫ్టుకు ఒకసారైనా వస్తాడు, నీకు మొహం తెలిసే ఉంటుంది. లేదా నేరుగా జిల్లా ఆఫీసుకు. సరుకు విషయంలో అన్నిటికంటే త్వరగా ఫలితమిచ్చే దారి ఇదే. కానీ ఇక్కడొక గొయ్యి ఉంది, ముందే చూపించాలి. 2011లో అమెరికాలో వచ్చిన ఆహార భద్రత చట్టం, తప్పులు బయటపెట్టిన ఉద్యోగులకు రక్షణ ఇచ్చింది. అది ఎఫ్.డి.ఏ., అంటే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, కిందికి వచ్చే ఆహారాలకు. మాంసం వ్యవసాయ శాఖ కిందికి వస్తుంది కాబట్టి ఆ రక్షణ నీదాకా రాదు. వేరుశెనగ ఉండలు చేసే ఫ్యాక్టరీలో ఉండి ఉంటే నీకు ఉండేది, బీఫ్ ప్యాటీలు చేస్తున్నావు కాబట్టి లేదు. చట్టాలు ఇలా ఎందుకుంటాయో నన్నడక్కు. నెబ్రాస్కా రాష్ట్ర ఉపాధి చట్టంలో మాత్రం, చట్టవిరుద్ధమైన పనిని వ్యతిరేకించిన ఉద్యోగి మీద కక్ష సాధించకూడదన్న నిబంధన ఉంది. అది నీ కేసుకు ఎంతవరకు అతుకుతుందో అక్కడి ఉద్యోగ చట్టాల లాయరు చెప్పాలి.

కాబట్టి ఏ దారి పట్టినా ముందు ఒక లాయర్ని కలువు. నీ హెచ్1బి వేసిన లాయర్ని కాదు. ఆయన ఎంత నవ్వుతూ మాట్లాడినా కంపెనీ డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషి. ఉద్యోగ చట్టాలకు ఒకరు, వీసాకు ఇంకొకరు, ఇద్దరూ నీ సొంతవాళ్ళుగా ఉండాలి. ఖర్చవుతుంది. లోను కంతు ఒక నెల ఆలస్యమైనా సరే, ఇది ముందు. గవర్నమెంట్ అకౌంటబిలిటీ ప్రాజెక్ట్ అనే సంస్థ వాషింగ్టన్‌లో ఉంది. ఆహార రంగంలో తప్పులు బయటపెట్టే ఉద్యోగులకు సాయం చేయడానికే అందులో ఒక విభాగం నడుపుతున్నారు. వాళ్ళనూ అడిగి చూడు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఇంట్లో కూర్చుని, ఆ రాత్రి నువ్వు చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు విడివిడిగా, టైములతో రాసుకో. కంపెనీ ఫారాలు, రిజల్టులు ఫోన్లో ఫొటోలు తీసి ఇంటికి పట్టుకురావడం లాయరు చెప్పేదాకా వద్దు. న్యాయం నీ పక్కనున్నా ఆ ఫొటోల వంకతో నిన్ను తీసేయొచ్చు. లాయరు కోసం నెల ఆగడం కూడా కుదరదు, ఆ ప్యాటీలు ఆగవు. వారం అనుకో, అంతకు మించి వద్దు.

పేరు చెప్పకుండా ఫోన్ చేస్తేనో అంటావా? చేయొచ్చు. కానీ ఆ ఒంటిగంటా ఇరవైకి అక్కడ ఉన్నది నువ్వూ, సూపర్‌వైజరూ, కడిగినవాళ్ళూ. ఇందులో ఫోన్ చేసేది ఎవరో ఊహించడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. పేరు దాచుకుంటే నీ మాటకు బరువు తగ్గుతుంది, నీకు దక్కే రక్షణా తగ్గుతుంది, గుర్తుపట్టడం మాత్రం తప్పదు.

టీవీ సంగతి. నీ రూమ్మేట్ సలహా నాకు నచ్చలేదు, కారణం చెబుతాను. 2012 మార్చిలో ఏబీసీ న్యూస్ బీఫ్ ప్రాడక్ట్స్ అనే కంపెనీ మీద వరసగా కథనాలు ప్రసారం చేసింది. ఆ కంపెనీ కొవ్వు ముక్కల నుంచి మాంసాన్ని వేరు చేసి, సూక్ష్మజీవులు చావడానికి అమ్మోనియా వాయువు పట్టించేది. "పింక్ స్లైమ్", గులాబీ జిగురు అన్న పేరు జనం నోళ్ళలో పడింది. సరుకు సురక్షితమేనని వ్యవసాయ శాఖ చెబుతూనే ఉంది. కొన్ని వారాల్లో నాలుగు ప్లాంట్లలో మూడు మూతపడ్డాయి, వందల మంది కూలీలు రోడ్డున పడ్డారు. కంపెనీ సౌత్ డకోటాలో పరువునష్టం దావా వేసింది. టీవీ వాళ్ళతో పాటు, ఒకప్పుడు అక్కడే క్వాలిటీ మేనేజర్‌గా చేసిన మనిషిని కూడా ప్రతివాదిగా చేర్చింది. 2017లో రాజీ కుదిరింది. ఛానెల్ మాతృసంస్థ డిస్నీ తన లెక్కల్లో 17 కోట్ల 70 లక్షల డాలర్లు చూపించింది. జనానికి చెప్పకుండా ఆ సరుకును మామూలు గ్రైండ్ చేసిన మాంసంలో కలపడం సరికాదన్న టీవీ వాళ్ళ వాదనలో బలం లేదని నేను అనను, లేబుల్ మీద రాసి ఉండాల్సిందే. కానీ అక్కడ తేలాల్సింది ఒకటి, తేలింది ఇంకొకటి. నీ దగ్గరున్నది ఒక రాత్రి, ఒక లైను, ఒక లాటు. టీవీకి అది చాలదు. వాళ్ళు దాన్ని పెద్దది చేయాలి, చేసినప్పుడు నీ చేతిలోంచి జారిపోతుంది. పైగా ఆ లాటును వెనక్కి పిలిపించే అధికారుల దాకా సమాచారం వంకర దారిలో, ఆలస్యంగా చేరుతుంది. ఎవరూ వినకపోతే, లాయరు సరేనంటే, అప్పుడు చూడొచ్చు. మొదటి మెట్టుగా మాత్రం కాదు.

నోరు మూసుకుని ఉండటం కూడా ఒక దారే కాబట్టి దాని సంగతీ చెప్పాలి. ఏమీ జరగకపోవచ్చు. నీ గ్రీన్ కార్డు దాకా ఏమీ జరగకపోవచ్చు. కానీ వచ్చే వారం ఇంకో ఫారం వస్తుంది, దాని మీద కూడా ఎవరో టైము నింపే ఉంటారు. ఒకసారి పెట్టావని వాళ్ళకు తెలుసు.

సూపర్‌వైజర్ మంచివాడన్నావు, ఒప్పుకుంటాను. ఆ రాత్రి అతని మీద ఎంత వేగంగా నడపాలన్న ఒత్తిడి ఉందో నీకూ నాకూ తెలీదు. కడిగినవాళ్ళ మీద మాత్రం నీ ఉత్తరంలో కోపం కనిపించింది. అక్కడ కొంచెం ఆగు. 2023లో అమెరికా కార్మిక శాఖ ప్యాకర్స్ శానిటేషన్ సర్వీసెస్ అనే క్లీనింగ్ కంపెనీకి 15 లక్షల డాలర్ల జరిమానా వేసింది. 8 రాష్ట్రాల్లో 13 మాంసం ప్లాంట్లలో 102 మంది పిల్లలతో, 13 ఏళ్ళ వాళ్ళతో సహా, ప్రమాదకరమైన పనులు, రాత్రి షిఫ్టులు చేయించినందుకు. ఆ దర్యాప్తు బయటపడిందీ మీ నెబ్రాస్కాలోనే. మీ ప్లాంటులో అలా ఉందని కాదు. సగం మందిని పంపి, అరగంటలో మొత్తం విప్పి కడగమన్నది ఎవరన్నది అసలు ప్రశ్న. నువ్వు రాసే కాగితంలో "శానిటేషన్ సిబ్బంది నిర్లక్ష్యం" లాంటి మాట రాకుండా చూసుకో. "తక్కువ మంది ఉన్నారు, ఇచ్చిన టైము చాలలేదు" అని రాయి, అది నువ్వు చూసింది.

ఇంట్లో సంగతి నేను చివరికి ఉంచాను, నువ్వూ చివరే రాశావు కాబట్టి. దీన్ని ఇప్పుడే విప్పాలని లేదు. లాయరు, కంపెనీ, వీసా మూడూ నెత్తిమీద ఉన్నప్పుడు అమ్మ కన్నీళ్ళు కూడా నువ్వే తుడవాలంటే కష్టం. కాకపోతే ఒకటుంది. ఇది ఎటు తిరిగినా, ఉద్యోగం పోయినా, పేపర్లో వచ్చినా, వాళ్ళకు బయటివాళ్ళ నోటి ద్వారా తెలిస్తే ఆ దెబ్బ వేరు. నాన్నగారు చదువుకున్న మనిషి అన్నావు, ముందు ఆయనకు చెప్పి చూడు. నువ్వు మాంసం తినడం లేదు, అమ్మడం లేదు, ఎవరూ జబ్బు పడకుండా చూసే పని చేస్తున్నావు. మన ఊళ్ళలోనూ పెద్దకూర తినే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, వాళ్ళ పిల్లల కడుపూ కడుపే. ఈ మాట ఆయనకు నచ్చుతుందని హామీ ఇవ్వలేను. పెళ్ళి సంబంధాల దగ్గర ఎవరో ఒకరు ముక్కు విరుస్తారు, అదీ నిజం. కానీ ‘ఫ్రోజెన్ స్నాక్స్’ అని ఎంతకాలం నెట్టుకొస్తావు? ఒక దొంగ ఫారం సంగతి తేల్చుకుంటున్నప్పుడు ఆదివారం పూట అమ్మ దగ్గర ఇంకోటి నింపడం నిన్ను ఎక్కువ అలసిపోయేలా చేస్తోందని నా అనుమానం. కాదంటే కాదను.

ఇంకొక్కటి. నువ్వు ఈ ఉత్తరం కంపెనీ లాప్‌టాప్ నుంచి, రాత్రి బ్రేకులో, కంపెనీ మెయిల్‌తోనే పంపావు. కింద నీ పేరు, హోదా, ప్లాంటు అడ్రసు అన్నీ వాటంతటవే వచ్చాయి. నేను తీసేశాను, నీ మెయిల్ పెట్టెలో మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని ఇప్పుడు కంగారుపడి చెరిపేయకు, లాయరుకు ఆ సంగతి మొదటే చెప్పు. ఇకమీదట ఎవరికి రాసినా నీ సొంత ఫోన్ నుంచి, ఇంటికెళ్ళాక రాయి.